విదేశమునకు పోవు వైద్య విద్యార్థి

ఏటేట మన తెలుగు జిల్లాలనుండి పెక్కుమంది యువకులు, యువతులు వైద్యవిద్యకై విదేశములకు పోవుచున్నారు. ఫిలిప్పీనులు, జార్జియా, కిర్గిజిస్తాన్, రష్యా మున్నగు పేర్లు నేడు మన పల్లెటూళ్ల రచ్చబండలకు సైతము పరిచితములే. కొందఱు తండ్రులు పొలము కుదువబెట్టుచున్నారు. కొందఱు బ్యాంకులలో అప్పు చేయుచున్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినున యుద్ధము చెలరేగినపుడు వేలకొలది భారతీయ విద్యార్థులు చదువు నడుమ విడిచి కట్టుబట్టలతో మరలివచ్చిరి. వారిలో తెలుగుబిడ్డలు తక్కువమంది కారు. ఆ కడగండ్లను చూచియు ఈ ప్రవాహ మాగలేదు. దేశమున సీట్లు చాలకుండుటయు, ప్రైవేటు కళాశాలల రుసుములు సామాన్యునికి అందకుండుటయు దీనికి హేతువులు. ఆ విషయము వేఱుగా చర్చింపదగినది.

నేడు మేము ప్రస్తావింపదలచినది మఱియొకటి. విదేశమునకు పోయిన బిడ్డనుగూర్చి తలిదండ్రులు అడుగు ప్రశ్నలు రెండే: పట్టము వచ్చునా? వచ్చిన పిదప ఇచ్చటి అర్హతపరీక్ష గట్టెక్కునా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. అప్పు తీర్చవలసినవారు అడుగక తప్పదు. కాని దేశము అడుగవలసిన ప్రశ్నలు వేఱుగ నున్నవి. వాని నెవ్వరు నడుగుటలేదు. ఆరేండ్లు నీవు కాపురమున్న ఆ దేశమున కూలివానికి జ్వరము వచ్చిన ఎవ్వరు చూచుచున్నారు? అతడెంత దూరము పోవలెను? చూచిన వైద్యునికి జీత మెవ్వ రిచ్చుచున్నారు? రోగము నయమైన పిదప ఆ కుటుంబము అప్పులపాలగుచున్నదా, లేదా? ఈ నాలుగింటికి ప్రత్యుత్తరము చెప్పగలవారు నూటి కొక్కరైన తిరిగివచ్చుచున్నారా?

రోగికి మందిచ్చు విద్య యొకటి. ఆ మందును రోగి గడపకు చేర్చు విద్య మఱియొకటి. మొదటిదానికి కళాశాలలు, పుస్తకములు, పరీక్షలు కలవు. రెండవదానిని మన మింకను విద్యగా నెంచుటలేదు. అధికారుల పనియనియు, మంత్రుల పనియనియు త్రోసివేయుచున్నాము. ఈ రెండవ విద్యను నేర్చిన విద్యార్థివలన ఒక దేశమునకు ఎట్టి మేలు కలుగునో తెలిసికొనుటకు ఐరోపాఖండమువఱకు పోనక్కఱలేదు. మన బంగాళాఖాతమునకు ఆవలి దిక్కున నున్న సయామును, నేడు థాయిలాండు అని పిలువబడు దేశమును చూచిన చాలును.

సయాము రాజగు చూలాలంకార్ణునికి 1892లో జన్మించిన కుమారుడు మహిదోల్. ఆయన తొలుత జర్మనీలో నౌకాయుద్ధవిద్య నేర్చి స్వదేశపు నౌకాదళమున పనిచేసెను. ఆ కొలువు విడిచిన పిదప అన్నవరుసయగు రంగ్సిత్ రాజకుమారుడు బ్యాంకాకునందలి సిరిరాజ్ ఆసుపత్రి దుస్థితిని ఆయనకు చూపి, వైద్యవిద్య నభివృద్ధి చేయుమని ప్రోత్సహించెను. మొదటి మహాయుద్ధ కాలమున మహిదోల్ అమెరికాలోని హార్వర్డునకు పోయెను. ఆయన మొట్టమొదట అచ్చట చదివినది చికిత్స కాదు, ప్రజారోగ్యశాస్త్రము. ఆ శాస్త్రమున 1921లో అర్హతాపత్రమును పొంది, తరువాత మరల పోయి 1928లో వైద్యపట్టమును పుచ్చుకొనెను. ఈ నడుమ ఆయన రాక్‌ఫెల్లర్ ధర్మసంస్థతో మాటలు నడపి సిరిరాజ్ వైద్యకళాశాలకు ఆచార్యులను, ద్రవ్యమును రప్పించెను. స్వంత ధనముతో ఎందఱో విద్యార్థులను పైచదువులకు పంపెను. ఆయన సహధర్మచారిణియగు సంగ్వాన్ సామాన్య కుటుంబమున పుట్టి, నర్సు విద్యకై అమెరికాకు పోయిన విద్యార్థినియే. ఆమె 1969లో మాఱుమూల పల్లెలకు వైద్యులను, నర్సులను పంపు స్వచ్ఛందసేవా సంస్థను నెలకొల్పెను.

పట్టముతో తిరిగివచ్చిన మహిదోలునకు రాజధానిలో ఆటంకము కలిగినది. రాజకుమారుడు సామాన్యుల శరీరమును తాకి చికిత్స చేయుటకు ఆస్థానమర్యాద అడ్డువచ్చెను. ఆయన 1929లో ఉత్తరమున చియాంగ్‌మాయి పట్టణమందలి మెకార్మిక్ మిషను ఆసుపత్రికి పోయి సాధారణ వైద్యునివలె రోగులను చూచెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన, ముప్పదియేడేండ్ల ప్రాయమున, మరణించెను. నేటికిని ఆ దేశమున ఆ దినము ఆయన పేర జరుపుకొందురు.

ఇక మనవైపు చూతము. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివిరి. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను జీర్ణవ్యాధితో స్వల్పకాలములోనే మరణించిరి. ఆ దుఃఖమే ఆయనను ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రమువైపు త్రిప్పినది. కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను, మామగారి సాయముతోను ఆయన 1923లో బోస్టను చేరి, అదే హార్వర్డులో చదివిరి. శరీరమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కే అను ఆచార్యునితో కలసి 1925లో ప్రకటించిరి. తరువాత లెడర్లీ పరిశోధనాలయమున ఫోలికామ్లము, డైఇథైల్ కార్బమజైను, ఆరియోమైసిను మున్నగు మందులు ఆయన నడపిన పరిశోధనలలోనుండి వెలువడినవి. సోదరులను హరించిన వ్యాధికి ఫోలికామ్లము మందుగా నుపయోగపడినది. ఆయన స్వదేశమునకు తిరిగిరాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూసిరి.

ఈ ఇరువురిని త్రాసులో పెట్టి ఒకరిని ఎక్కువచేసి, మఱియొకరిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. సుబ్బారావుగారు లోకమున కొసగిన మేలు కొలతకు మించినది. మే మెత్తిచూపదలచినది ఒక్కటే. మహిదోలునకు తిరిగివచ్చుటకు ఒక పీఠము కలదు: సిరిరాజ్ కళాశాల, దానిని బాగుచేయు నధికారము, తోడువచ్చు ధనము. సుబ్బారావుగారికి మద్రాసులో దొరికినది ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణము బోధించు చిన్న పని. పరదేశ ప్రభుత్వము ఏలుచున్న ఆ దినములలో అంతకు మించినది దొరకకపోవుట వింతకాదు. పీఠము లేని దేశమునకు విద్వాంసుడు తిరిగిరాలేదని నిందించుట న్యాయము కాదు. స్వరాజ్యము వచ్చి ఏడున్నర దశాబ్దములు దాటినది. నేడు పీఠ మున్నదా యని అడుగుటయే న్యాయము.

మఱియొక సంగతి గమనింపవలసి యున్నది. డైఇథైల్ కార్బమజైను అనునది బోదకాలు రోగమునకు వాడు మందు. గోదావరి జిల్లాలలో బోదకాలు ఎఱుగని యూరు అరుదు. ఆ జిల్లా బిడ్డడు అమెరికాలో కనుగొన్న మందు ఆ జిల్లా గడపలకే చేరవలెను కదా! ప్రభుత్వము దేశవ్యాప్తముగ ఏటికొకసారి ఈ మాత్రలను ఇంటింట పంచు కార్యక్రమమును ఆరంభించినది 2004లో. అనగా సుబ్బారావుగారు గతించిన అర్ధశతాబ్దికి పైబడిన పిమ్మట. మాత్ర ఖరీదైనది కాదు, రహస్యమైనది కాదు. ఇంటింటికి పోవు మనుష్యులు, లెక్క వ్రాయు పుస్తకము, ఏటేట తప్పని పద్ధతి కావలసివచ్చినవి. మందు కనుగొనిన విద్యార్థి మనకు దొరకినాడు. దానిని గడపకు చేర్చు మార్గము నేర్చిన విద్యార్థులు కావలసినంతమంది దొరకలేదు.

థాయి దేశమున ఆ రెండవ తరగతివారు వరుసగా పుట్టుచు వచ్చిరి. అచ్చటి పట్టభద్రులును 1960 దశకమున గుంపులు గుంపులుగ అమెరికాకు వలసపోయిరి. దానికి విఱుగుడుగా 1970 దశకపు తొలియేండ్లనుండి వైద్యపట్టము పొందినవారు మూడేండ్లు ప్రభుత్వ సేవ చేయవలెనను నిబంధన ఏర్పడినది. దానివలన వైద్యులు పల్లెపట్టులకు పోవుట ఆరంభమయ్యెను. 1982 మొదలు 1986 వఱకు నడచిన ఐదవ ప్రణాళికలో పట్టణములందలి పెద్ద ఆసుపత్రుల క్రొత్త కట్టడములను నిలిపి, ఆ ధనమును మన పాత తాలూకాలవంటి ప్రాంతముల చిన్న ఆసుపత్రులకు మఱలించిరి. ఈ నిర్ణయమును పాఠకులు నిదానముగ నాలోచింపవలెను. రాజధానిలో పదియంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన చేసిన ఛాయాచిత్రములు పత్రికలలో పడును. పల్లెలో ముప్పది పడకల ఆసుపత్రికి ఇద్దఱు వైద్యులను, పదిమంది నర్సులను నిలిపినచో ఎవ్వరును మెచ్చరు. ఐనను వారు రెండవదానినే ఎన్నుకొనిరి.

ఆ చిన్న ఆసుపత్రులలో పనిచేసిన యువవైద్యులలో సాంగువాన్ నిత్యారంఫోంగ్ ఒకడు. ఈశాన్యమున బీదదగు సిసాకేత్ రాష్ట్రములోని రాసీసలై ఆసుపత్రిలో రైతుకూలీలు వైద్యమునకై పశువులను, పొలమును అమ్ముకొనుచున్న కాలమున ఆయన పనిచేసెను. పిదప బెల్జియములోని ఆంట్వెర్ప్ ఉష్ణదేశవైద్య సంస్థలో ప్రజారోగ్యము చదివెను. తిరిగివచ్చి బెల్జియము సహకారముతోనే అయుత్తయ పట్టణమున చిన్న వైద్యకేంద్రములతో ఒక ప్రయోగము నడపెను. దేశమంతటికి ఒకే పద్ధతి పెట్టవలెనన్న యోచనను ఏండ్లతరబడి అంకెలతో, లెక్కలతో సిద్ధపఱచి యుంచెను. 2001 ఎన్నికలలో ఒక రాజకీయ పక్షము దానిని తన వాగ్దానముగ స్వీకరించి గెలిచినది. 2002 నాటికి ఆ పథకము దేశమంతట వ్యాపించి, ఆ యేడే చట్టమైనది. దానిని నడపు సంస్థకు సాంగువాన్ మొదటి కార్యదర్శియై, 2008లో మరణించువఱకు ఆ పనిలోనే యుండెను.

పద్ధతి చెప్పుటకు సులభము. ప్రతి మనుష్యుడు తన యూరికి దగ్గఱనున్న ఆసుపత్రి వ్యవస్థలో పేరు వ్రాయించుకొనును. ప్రభుత్వము తలకింతయని ఆ వ్యవస్థకు ముందుగానే ధన మిచ్చును. ఆరంభమున ఇది సంవత్సరమునకు 1,202 బాత్‌లు. ఆరంభమున రోగి చెల్లింపవలసి యుండినది ఒక్కసారికి 30 బాత్‌లు మాత్రమే. తలకింతయని ముందే ఇచ్చినందున ఆసుపత్రికి అనవసరపు పరీక్షలవలన లాభము లేదు. జనులు ఆరోగ్యముగ నుండుటయే లాభము. అంతకుమున్ను 1970 దశకమునుండియే ఊరూర తరిఫీదు పొందిన ఆరోగ్య స్వచ్ఛందసేవకులు ఏర్పడిరి. నేడు వారి సంఖ్య పది లక్షలకు మించినది. 2020 జనవరి 13వ తేదీన చైనా వెలుపల మొదటి కోవిడ్ రోగి బయటపడిన దేశ మదియే. ఆ యేడు ఊరికి క్రొత్తగా వచ్చినవారిని గుర్తించి, ఇల్లిల్లు తిరిగి విచారించినవారు ఈ సేవకులే.

ఫలితమేమన: 2001కి ముందు ఆ దేశమున వైద్యవ్యయములో మూడవ వంతు జనులు తమ చేతినుండి పెట్టుకొనుచుండిరి. తరువాత నది ఇంచుమించు పదవ వంతునకు దిగినది. మన దేశమున 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము ఈ భారము నూటికి 39.4 వంతులు. అది 2013–14లో నూటికి 64.2 వంతులుగ నుండెను గనుక తగ్గినమాట నిజమే, సంతోషింపవలసినదే. కాని నూటికి దాదాపు నలువది రూపాయలు నేటికిని రోగి కొంగుముడినుండియే వచ్చుచున్నవి.

ఇందులకు కొందఱు ఆక్షేపణ చెప్పుదురు. అది చిన్న దేశము, మనది మహాదేశము, పోలిక కుదరదని. థాయి జనసంఖ్య ఇంచుమించు 7 కోట్లు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశపు జనసంఖ్య 8 కోట్ల 46 లక్షలు. ఆరోగ్యము మన రాజ్యాంగమున రాష్ట్రములకు అప్పగింపబడిన విషయము. కావున పోలిక భారతదేశముతో కాదు, మన రెండు తెలుగు రాష్ట్రములతో. అది ధనిక దేశమనుమాటయు చెల్లదు. 1997లో ఆర్థికసంక్షోభముపాలై, ఇంకను తేఱుకొనుచున్న కాలముననే వారు ఈ పనికి పూనుకొనిరి.

మనకు ఆరోగ్యశ్రీ యున్నది కదా యని మఱికొందఱు. 2007లో ఆరంభమైన ఆ పథకము ఎన్నో కుటుంబములను నిలిపినది. దాని మేలును మఱచుట కృతఘ్నత. కాని అది ప్రధానముగ ఆసుపత్రిలో చేరిన పిదప జరుగు పెద్ద చికిత్సలకు చెల్లించు పథకము. రక్తపుపోటునకు, మధుమేహమునకు నెలనెల వాడవలసిన మాత్రలకు, జ్వరపరీక్షలకు నేటికిని పెక్కుమంది పల్లెవారు ఆర్.ఎం.పి. డాక్టరునో, మందుల దుకాణమునో ఆశ్రయించుచున్నారు. మాత్ర మానిన మనుష్యునికి కొన్నియేండ్లకు మూత్రపిండములు చెడును. అప్పుడు పథకము వచ్చి లక్షలు చెల్లించును. గండి పడకముందు గట్టునకు తట్టెడు మన్ను వేయక, ఊరు మునిగిన పిదప పడవలు పంపుట యిట్టిదే. పడవలు వలదని యెవ్వ రందురు? గట్టు మాట అడుగుచున్నాము.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును తలచుకొనుడు. అచ్చటి మూత్రపిండ వ్యాధి ఏండ్లనుండి లోకమునకు తెలిసినదే. డయాలిసిసు కొఱకు కొబ్బరితోటల రైతులు చిరకాలము దూరపు పట్టణములకు తిరిగిరి. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనతో కూడిన ఆసుపత్రి తెఱవబడినది, మంచిదే. థాయిలాండులో 2008లో ఈ చికిత్సను పథకమున చేర్చునపుడు, పల్లెలలో యంత్రములును, నర్సులును చాలరని గుర్తించి, రోగి ఇంటివద్దనే కడుపులోనికి ద్రవము నెక్కించుకొను పద్ధతిని ముందు పెట్టిరి. ఆ ద్రవపు సంచులను తపాలావారిచేత ఇండ్లకు చేర్చిరి. 2022లో ఏ పద్ధతి కావలెనో రోగి ఎన్నుకొనవచ్చునని మార్చిరి. ఈ మార్పు లెందుకు జరిగినవి? ఇంటి డయాలిసిసున అంటువ్యాధుల భయ మెంత? కొబ్బరితోటలోని పూరిల్లు దానికి తగునా? తపాలావానికి ఎంత యిచ్చిరి? ఈ ప్రశ్నలతో ఉద్దానపు బిడ్డ యొకడు మూడు నెలలు ఆ దేశమున ఉండి వచ్చినచో, ఆ ప్రయాణపు ఖర్చు వ్యర్థమని యెవ్వ రందురు?

థాయి పద్ధతి నిర్దోషమని మేము చెప్పము. ప్రభుత్వోద్యోగులకు ఒక నిధి, కార్మికులకు ఒకటి, తక్కినవారి కొకటిగ మూడు సంచులు నేటికిని వేఱువేఱుగ నున్నవి. కొన్ని ఆసుపత్రులు లోటులో నడచుచున్నవి. విదేశీ రోగులకై బ్యాంకాకున వెలసిన ప్రైవేటు ఆసుపత్రులు పల్లె వైద్యులను ఆకర్షించుచున్నవి. విద్యార్థి ఈ లోపములనుకూడ చూచి రావలెను. పరదేశమును చూచి అంతయు గొప్పయని మురియువాడును, అంతయు మనకు పనికిరాదని కొట్టివేయువాడును ఇంటివద్ద నుండుటయే మేలు.

మనకు ఇతర దేశముల పద్ధతులు తెలియవని కాదు. 1943లో నియమింపబడిన భోర్ సంఘము పెక్కు దేశముల అనుభవమును పరిశీలించి 1946లో తన నివేదిక నిచ్చెను. ధనము లేని కారణమున ఎవ్వరికిని వైద్యము అందకుండరాదన్నది దాని మూలసూత్రము. పది, ఇరువది వేల జనులకు డెబ్బదియైదు పడకల ప్రాథమిక కేంద్రము ఉండవలెనన్నది దాని దూరపు లక్ష్యము. ఎనుబదియేండ్లు గడచుచున్నవి. జ్ఞానము అలమారలో నున్నది. దానిని చేతబట్టి పల్లెలో నిలుచు మనుష్యులు చాలలేదు. 2017 జాతీయ ఆరోగ్యవిధానము ప్రభుత్వవ్యయమును 2025 నాటికి జాతీయోత్పత్తిలో నూటికి 2.5 వంతులకు పెంచవలెననినది. 2021–22లో అది 1.84 వంతులే. ధనము పెరుగవలెను, నిజమే. ఐనను ధన మొక్కటే చాలదు. దానిని ఎట్లు పంచవలెనో నేర్చినవారు కావలెను.

కావున మేము సూచించునది నాలుగు మాటలలో చెప్పుదుము. మొదటిది: రెండు రాష్ట్ర ప్రభుత్వములును ఏటేట కొలదిమంది విద్యార్థులను ఇట్టి పరిశీలనకై పంపవలెను; వైద్యవిద్యార్థులనే కాక నర్సులను, లెక్కలు వ్రాయువారిని, ఆశా కార్యకర్తలను సైతము. రెండవది: వారు రాజధానిలోని అతిథిగృహములలో గాక, చిన్న ఊరి ఆసుపత్రులలో నెలలతరబడి ఉండవలెను. మూడవది: తిరిగివచ్చినవారు తాము చూచినదానిని తెలుగున వ్రాయవలెను; అది అచ్చై ప్రతి గ్రంథాలయమునకును చేరవలెను. ఆంగ్లమున వ్రాసి సచివాలయపు బీరువాలో పెట్టిన నివేదిక పన్నిచ్చిన ప్రజకు లెక్క చెప్పినట్లు కాదు. నాలుగవది, ముఖ్యమైనది: వారికి పీఠ ముండవలెను. ఒక రెవిన్యూ డివిజను ఆరోగ్యకేంద్రములను మూడేండ్లు వారి కప్పగించి, నేర్చినదానిని అమలుపఱచుటకు అధికారమును, ధనమును ఇచ్చి, ఫలితము అడుగవలెను. అట్టి పీఠము లేనిచో పోయినవారు అచ్చటనే నిలిచిపోవుదురు. మన మెప్పటివలె వారి కీర్తిని విని గర్వింతుము.

ప్రభుత్వము కదలువఱకు చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. ఇప్పటికే విదేశములందున్న మన బిడ్డలకు తలిదండ్రులు వారము వారము ఫోను చేయుచునే యున్నారు. భోజనము సంగతి, పరీక్షల సంగతి అడిగిన పిదప ఒక్క ప్రశ్న అదనముగ అడుగుడు: "నాయనా, ఆ యూరి బీదవాడు జబ్బుపడిన ఏమి చేయుచున్నాడు?" వాడు ఎఱుగనన్న, పోయి చూచి రమ్మనుడు. వాడు చెప్పినదానిని మీ పఠనాలయమున పదిమంది ముందు చదువుడు. మన యూరి ఆరోగ్యకేంద్రమున అట్లేల జరుగదని ఆ పదిమందియు అడుగ నారంభించినచో, ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఇయ్యక ఏ ప్రభుత్వమును ఎక్కువకాలము నిలువజాలదు.